చందా అడిగే పద్ధతి: జడ్చర్లల యూనియన్ పెడుతున్న మా మేనల్లునికి

మా అక్క కొడుకు జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌ల ఒక మందుల కంపెనీల పనిచేస్తడు. మొన్న సంక్రాంతికి ఇంటికొచ్చి, సకినాలు నములుకుంట అడిగిండు: "మామా, మేము యూనియన్ పెడదామనుకుంటున్నం. నలభై మంది దాక తయారుగున్నరు. గానీ ఒకడున్నడు, నేను చందా కట్టకున్నా రేపు కంపెనీతోని అగ్రిమెంటైతే నాకూ జీతం పెరుగుతది గదా, మరెందుకు కట్టాలె అంటున్నడు. వానికి ఏం చెప్పాలె?"

ఆ ఒక్క ప్రశ్నతోనే నేను ఇరవై రెండేండ్లు ఏగిన. హుజూర్‌నగర్ దిక్కు ఒక సిమెంటు ఫ్యాక్టరీల ఎలక్ట్రీషియన్‌గ చేసి రిటైరైన. (ఇప్పుడది సూర్యాపేట జిల్లా, మా నోటికి ఇంకా నల్లగొండనే వస్తది.) అండ్ల ఇరవై రెండేండ్లు యూనియన్ ఖజాంచిని. అధ్యక్షులు నలుగురు మారిండ్రు, రసీదు బుక్కు మాత్రం నా అంగీ జేబులనే ఉండె. పండుగ పూట వానికి సగమే చెప్పిన, వాళ్లమ్మ అన్నానికి పిలిచింది. మిగిలింది ఇక్కడ రాస్తున్న.

ఆ ప్రశ్న మీద అమెరికాల చట్టమే ఉన్నది

2019ల మా బిడ్డ దగ్గరికి టెక్సాస్ పోయి ఆరు నెలలున్న. పొద్దున పార్కుల నడిచేటప్పుడు ఒక ముసలాయన దోస్తయిండు. ఆయన కూడ ఎలక్ట్రీషియనే, యూనియన్ మనిషి. మా బిడ్డ నడుమ నిలబడి ఆయన మాట నాకు, నా మాట ఆయనకు చెప్పేది. "మాది రైట్ టు వర్క్ రాష్ట్రం" అన్నడు ఒకరోజు. నాకు సంబురమైంది. పని హక్కంటే మనకెరుక గదా, ఉపాధి హామీ. 2005ల చట్టమైంది, 2006ల మొదటి విడతలనే మహబూబ్‌నగర్, నల్లగొండ రెండు జిల్లాలల్ల మొదలైంది, అప్పట్ల అడిగిన ఇంటికి ఏడాదికి వంద దినాల పని. "మాకూ ఉన్నది" అన్న. ఆయన పడిపడి నవ్విండు.

వాళ్ల రైట్ టు వర్క్‌ల పని ఇచ్చుడు లేదు. సంగతేందంటే, అక్కడ ఒక కంపెనీల ఎక్కువమంది ఓటేసి ఒక యూనియన్‌ను గెలిపిస్తే, ఆ యూనియన్ అక్కడున్న అందరి తరఫున మాట్లాడాలె. కట్టినోడు, కట్టనోడు అని తేడా చూపొద్దు, అది దాని మీద చట్టం పెట్టిన బాధ్యత. అందుకే కొన్ని రాష్ట్రాలల్ల యూనియన్, కంపెనీ కలిసి ఒప్పందంల ఒక షరతు రాసుకుంటయి: సభ్యుడైనా కాకున్నా ప్రతి ఒక్కరు బేరసారాల ఖర్చుల తమ వంతు కట్టాలె అని. రైట్ టు వర్క్ చట్టం ఉన్న రాష్ట్రంల ఆ షరతు చెల్లది. 1947ల టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం ఆ అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. ప్రెసిడెంట్ ట్రూమన్ వద్దని వీటో చేసినా పార్లమెంటు వినలే. ఇప్పుడు 26 రాష్ట్రాలల్ల ఉన్నది. మిజోరీల 2018ల జనమే ఓటేసి కొట్టేసిండ్రు, మిషిగన్ తెచ్చుకున్నదాన్ని 2023ల రద్దు చేసుకున్నది. సర్కారు ఉద్యోగులకైతే 2018 జేనస్ కేసుల సుప్రీంకోర్టే చెప్పింది, ఇష్టం లేనోని దగ్గర పైస తీసుకోవద్దని, దేశమంతటికీ.

ఇప్పుడు మనదాన్ని చూడు. రాజ్యాంగం 19(1)(సి) సంఘం పెట్టుకునే హక్కిచ్చింది. గానీ ఒక కంపెనీల పనిచేసేటోడు యూనియన్‌కు పైస కట్టి తీరాలె అని మన చట్టంల ఎక్కడ లేదు. అంటే అమెరికాల 26 రాష్ట్రాలల్ల యూనియన్లు దేనికి మొత్తుకుంటున్నయో, మనం ఆండ్లనే పుట్టి పెరిగినం. అందుకే అల్లుడా, మీవోడు అడిగింది వింత ప్రశ్న గాదు. వాని మీద కోపం తెచ్చుకోకు. మన దగ్గర యూనియన్ పెట్టుడంటే సగం పని ఆ ప్రశ్న అడిగేటోని దగ్గరికి నెలనెలా పోవుడే.

కాగితాలు, తొందరగ

ఏడుగురు చాలని అందరు చెప్తరు. అది సగం నిజం. దరఖాస్తు మీద సంతకాలు ఏడుగురివి చాలు, గానీ 2001 సవరణ సంది కంపెనీల పనిచేసేటోళ్లల్ల పది శాతం గానీ వంద మంది గానీ, ఏది తక్కువైతే అంతమంది సభ్యులు ఉండాలె. 2025 నవంబర్ 21 నుంచి 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం జాగల పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది, అండ్ల కూడ ఈ లెక్క ఇదే. మీ కంపెనీల 380 మంది అన్నవు, అంటే 38. నీ దగ్గర నలభై. ఇద్దరు ముగ్గురు బెదిరి పేరు తీసుకున్నరనుకో, అక్కడికే కథ ఆగిపోతది. అరవై అయ్యేదాక కాగితం కదపకు.

కమిటీల బయటి నాయకులు మూడోవంతు లేదా ఐదుగురు, ఏది తక్కువైతే అంత. పదిమంది కమిటీకి బయటోళ్లు ముగ్గురే. పేరున్న లీడర్ వస్తే బలం అనుకుంటరు, వస్తది కూడ, గానీ ఆయనకు నీ కంపెనీ లెక్కవి ఇంకా పది ఉంటయి. అధ్యక్షుడు బయటోడైనా ఫరవాలేదు, ఖజాంచి మాత్రం లోపటోడే ఉండాలె. బైలాస్, అంటే యూనియన్ నియమాలు, రాసేటప్పుడు, లెక్కల పుస్తకాలు ఏ సభ్యుడైనా చూడొచ్చు, ఏడాదికొకసారి ఆడిట్ జరగాలె అన్న ముచ్చట చట్టం ఎట్లైన అడుగుతది. దాన్ని మొక్కుబడిగ రాయకు, ఏ తారీఖున ఎక్కడ చూపిస్తవో కూడ రాసుకో.

రిజిస్ట్రేషన్ ఎందుకంత ముఖ్యం అంటే మద్రాసు కథ చెప్తరు పెద్దలు. 1918ల మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది, బి.పి. వాడియా నడిపిండు. బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల గొడవల కంపెనీ హైకోర్టుకు పోయి ఆయన మీద దావా వేసింది. కూలోళ్లను కూడగట్టినందుకు నష్టపరిహారం కట్టుమని! ఆ దెబ్బతోనే 1926 చట్టం వచ్చింది, రిజిస్టరైన యూనియన్ మీద అట్లాంటి కేసులు నిలవకుండ.

ఇంకో పుకారున్నది, సెజ్‌ల యూనియన్ పెట్టొద్దట అని. మీ దిక్కు గేటు కాడ ఎవడో ఒకడు ఈ మాట అంటనే ఉంటడు. తప్పు. 2005 సెజ్ చట్టం 49వ సెక్షన్‌లనే ఉన్నది: సర్కారు సెజ్‌కు ఏ చట్టం నుంచైనా మినహాయింపు ఇయ్యొచ్చు గానీ ట్రేడ్ యూనియన్లు, పారిశ్రామిక వివాదాలు, కార్మిక సంక్షేమం చట్టాల నుంచి ఇయ్యొద్దు. ఆ పేజీ జిరాక్స్ తీసి జేబుల పెట్టుకో.

రిజిస్టరైనాంక కమిటీల కొందరికి "రక్షిత కార్మికులు" అని గుర్తింపు అడగాలె. మొత్తం పనోళ్లల్ల ఒక శాతం, తక్కువల తక్కువ ఐదుగురు, ఎక్కువల ఎక్కువ వంద. మీకు ఐదుగురు వస్తరు. కేసు నడుస్తుండంగ వాళ్లను తీసేయాలంటే కంపెనీ ముందు అనుమతి తెచ్చుకోవాలె. ఆ ఐదుగుట్ల ఖజాంచి పేరు ఉండేటట్టు చూడు. మొదటి దెబ్బ లీడర్ మీద పడదు, రసీదు బుక్కు పట్టుకొని తిరిగేటోని మీద పడుతది. నన్ను లైన్ మెయింటెనెన్స్ నుంచి తీసి క్రషర్ కాడ దుమ్ముల వేసిండ్రు ఎనిమిది నెలలు.

ఇగ 51 శాతం ముచ్చట. కొత్త కోడ్ ప్రకారం, ఒక కంపెనీల ఒకటికన్న ఎక్కువ యూనియన్లుంటే, మస్టర్ రోల్‌ల ఉన్నోళ్లల్ల 51 శాతం మంది ఒక యూనియన్ వెంబడి ఉంటే, కంపెనీతోని మాట్లాడే యూనియన్ అదొక్కటే. ఎవరికీ అంత లేకుంటే 20 శాతానికి తగ్గకుండ ఉన్న యూనియన్లన్ని కలిపి ఒక కౌన్సిల్. 380లో 51 శాతమంటే 194 మంది. కాంట్రాక్టు లేబర్ పేర్లు కాంట్రాక్టర్ రోల్ మీద ఉంటయి, కాబట్టి ఆ 380ల వాళ్లు ఉన్నరా లేరా ముందుగాల తేల్చుకో. అమెరికాల 26 రాష్ట్రాలల్ల చందా కట్టే తప్పనిసరి తీసేసిండ్రు, మన దగ్గర తప్పనిసరి ఎన్నడూ లేదు గానీ ఇప్పుడు తలకాయల లెక్క మాత్రం పెద్దగైంది. కట్టనోడు ఇంతకుముందు పైసలు తగ్గించేటోడు, ఇప్పుడు కుర్చీయే తీసేస్తడు.

రసీదు బుక్కు

పాత చట్టంల కనీస చందా ఏడాదికి 12 రూపాయలని ఉండె. చాలామంది అదే పెట్టి, ఏడాదికొకసారి వసూలు చేసి చేతులు దులుపుకుంటరు. అట్ల చెయ్యకు. మేము నెలకు 30 పెట్టినం, నేను దిగిపోయేనాటికి 50. పైసల కోసమే గాదు, నెలనెలా అయితే ప్రతి మనిషిని ఏడాదికి పన్నెండు సార్లు కలుస్తవు. ఎవని బిడ్డ పెండ్లి, ఎవని ఓటీ కోతల పోయింది, ఎవనికి ఫోర్‌మెన్‌తోని పడుతలేదు, అన్నీ ఆ రెండు నిమిషాలల్లనే తెలుస్తయి. గేటు మీటింగ్‌ల ఎవ్వడూ చెప్పడు.

జీతం పడ్డ మూడో రోజు మొదలుపెట్టాలె. మొదటిరోజు వద్దు, ఆ పూట చేతుల ఉన్న పైసలు కిరాణం దుకాణానివి, ఫైనాన్సోనివి. పదో తారీఖు దాటితే అడుక్కున్నట్టే ఉంటది. క్యాంటీన్ లైన్‌ల అడుగొద్దు, నలుగుట్ల "లేవన్నా" అన్నోడు మల్ల నీకు మొహం చూపించడు. సి షిఫ్టుకు నువ్వే పోవాలె, రాత్రి పన్నెండింటికి పోతే వాడు ఆ నెలంతా యాది పెట్టుకుంటడు.

రసీదు అక్కడికక్కడనే రాయి. "రేపిస్తా" అన్న మాట నీ నోట రావొద్దు. కార్బన్ పెట్టు, నంబర్లు అచ్చైన బుక్కే వాడు, తప్పు రాస్తే చింపకుండ అడ్డం గీత గీసి బుక్కులనే ఉంచు. ఇప్పటి పిల్లలు ఫోన్‌పే చేస్తమంటరు, చెయ్యనియ్యి, గానీ నీ సొంత నంబర్‌కు ఒక్క రూపాయి రావొద్దు. యూనియన్ పేరు మీద ఖాతా, ఇద్దరి సంతకాలు. ఫోన్‌పే చేసినోనికి కూడ కాగితం రసీదు చేతికియ్యి.

మీ దగ్గర ప్యాకింగ్‌ల ఆడోళ్లు ఎక్కువ అన్నవు. వాళ్లు షిఫ్టు అయినాంక ఒక్క నిమిషం ఆగరు, కంపెనీ బస్సు పోతది. బాలానగర్, మిడ్జిల్, నవాబ్‌పేట బస్సులల్ల ఒక్కొక్క ఆడమనిషికి ఒక్కొక్క రసీదు బుక్కు ఇయ్యి. ఉత్త వసూలుకే పెట్టకు, కమిటీల తీసుకో. మా సిమెంటుల ఆడోళ్లు లేకుండె, కాబట్టి ఈ ముచ్చట నాకు మిర్యాలగూడ రైసుమిల్లులల్ల పనిచేసే మా చెల్లె చెప్పింది. "అన్నా, మీరు మా దగ్గరికి పైసలకే వస్తరు" అన్నది. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటది.

నెలాఖరుకు ఒక తెల్ల కాగితం మీద ఎంత వచ్చింది, ఎంత ఖర్చైంది రాసి బోర్డు మీద అతికియ్యి. చాయ్ పైసలతోని సహా. నాకన్న ముందున్న ఖజాంచి మూడేండ్లు లెక్క చూపలే. ఆయన తిన్నడో లేదో దేవునికెరుక, తిన్నడని మాత్రం ఫ్యాక్టరీ అంతా నమ్మింది. నేను బుక్కు పట్టుకున్న మొదటి ఏడు, ఎవని దగ్గరికి పోయినా ముందు ఆయన లెక్క నన్ను అడిగిండ్రు.

కోత పెట్టించుకుంటే సుఖమా?

ఇప్పుడు మీ కంపెనీయే రేపు అంటది, మేమే జీతంల కోసి యూనియన్‌కు కడుతం అని. దీన్ని చెక్-ఆఫ్ అంటరు. పనోడు రాతపూర్వకంగ ఒప్పుకుంటే చట్టం ఒప్పుతది. 2008ల మేమూ ఒప్పుకున్నం. నాకు కాళ్ల నొప్పులు తగ్గినయి. రెండేండ్లల్ల జనరల్ బాడీకి, అంటే సభ్యులందరి మీటింగుకు, వచ్చేటోళ్లు నూటాయాభై నుంచి ముప్పైకి పడ్డరు. పేస్లిప్పుల కోత చూసుకునుడే తప్ప, యూనియన్ మొహం ఎవ్వడూ చూస్తలేడు. మల్ల ఒకసారి బోనస్ గొడవ ముదిరినప్పుడు "సాఫ్ట్‌వేర్ మార్చినం" అని మూడు నెలలు కోత ఆపేసిండ్రు. నల్లా వాళ్ల చేతుల ఉన్నదని అప్పుడు తెలిసింది. బుక్కు పట్టుకొని మల్ల తిరిగితే, అలవాటు తప్పినోళ్లు సగంమంది కట్టలే.

అందుకే రైట్ టు వర్క్ కావాలనేటోళ్ల మాటల ఒక ముక్క నాకు నచ్చుతది, చెప్పకుంటే అబద్ధమైతది. ఇష్టం లేని సంఘానికి పైస ఎందుకు కట్టాలె అని వాళ్లు అడుగుతరు. అడగకుండ వచ్చే పైసతోని యూనియన్ బద్దకమైతది, అది నేను కండ్లార చూసిన. గానీ వాళ్లు చెప్పని ముక్క ఇంకోటున్నది. కట్టనోని కేసు కూడ యూనియనే మొయ్యాలె అని చట్టం పెట్టి, వాని దగ్గర పైస అడగొద్దు అని ఇంకో చట్టం పెడితే, అది చేతులు కట్టేసి ఈత కొట్టమన్నట్టే. టెక్సాస్ ముసలాయన అదే అన్నడు. అయినా 2024ల టెన్నెసీ రాష్ట్రం చట్టనూగల ఫోక్స్‌వాగన్ కార్ల ఫ్యాక్టరీల యూనియన్ ఓటు గెలిచింది, అది రైట్ టు వర్క్ రాష్ట్రమే. 2014ల, 2019ల ఓడి మూడోసారి గెలిచిండ్రు.

చెక్-ఆఫ్ ఇస్తే తీసుకో, గానీ రసీదు బుక్కు మూలకు పడెయ్యకు. కోత ఎంతైనా, చేతికి పది రూపాయలన్న వేరేగ వసూలు చెయ్యి.

కట్టనోని దగ్గరికి

కట్టనోళ్లు అందరు ఒక్క తీరు ఉండరు. భయపడేటోడు వేరు, పిసినారి వేరు. లీడర్ కులం నచ్చక కట్టనోడుంటడు, నోరు తెరిచి చెప్పడు గానీ. పార్టీ జెండా చూసి కట్టనోడుంటడు, వానికి జవాబు తేలిక: రాజకీయ ఫండ్ వేరేగ పెట్టాలె, దానికి ఎవ్వరినీ బలవంతం చెయ్యొద్దు, అండ్ల కట్టలేదని యూనియన్ లాభాలు ఆపొద్దు అని 1926 చట్టంలనే ఉండె. మీరైతే అసలు రాజకీయ ఫండే పెట్టుకోకుండ్రి, కనీసం మొదటి ఐదేండ్లు.

2003ల మాకు మంచి అగ్రిమెంటైంది. అప్పటికి 312 మందిల 271 మంది కట్టేటోళ్లు. అందరు సంబురంగ ఏరియర్స్, అంటే పెరిగిన జీతం పాత బకాయిలు, తీసుకున్నరు. రెండేండ్లకు కట్టేటోళ్లు 140 మంది. గొడవల్లేవు, ఓడిపోలేదు, గెలిచినాంకనే పడిపోయినం! "పని అయిపోయింది గదా అన్నా" అన్నరు. దీని మందు తర్వాత తెలిసింది. ఏరియర్స్ వచ్చే నెలనే, సంతకం తీసుకొని, సభ్యుడు గానోని దగ్గర కూడ ఒక్కసారికి కొంత చందా అడగాలె. పేస్లిప్పుల పెద్ద అంకె కనబడ్డ రోజు వద్దన్నోళ్లు తక్కువ. ఆ రోజే సభ్యత్వ ఫారం కూడ చేతుల పెట్టు.

కొందరు కుర్రోళ్లు కోపంగ అంటరు, కట్టినోళ్లకే పెంచుమని అగ్రిమెంట్ రాయిద్దాం అని. చట్టంల దానికి సందున్నది. లేబర్ ఆఫీసర్ లేకుండ కంపెనీ, యూనియన్ మాత్రమే కూసోని చేసుకున్న ఒప్పందం సంతకం పెట్టినోళ్లకే వర్తిస్తది. కన్సిలియేషన్‌ల, అంటే లేబర్ అధికారి ముందట అయిన ఒప్పందం అక్కడున్న పనోళ్లందరికి, రేపు చేరేటోళ్లకు కూడ వర్తిస్తది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 18వ సెక్షన్‌ల ఉండె ఈ ముచ్చట, 2025 నవంబర్ సంది దాని జాగల కూడ కొత్త కోడే. మేము ఒకసారి మొదటి తొవ్వ పట్టినం. ఏమైంది? వారం తిరగకముందే కంపెనీ మా యూనియన్‌ల లేనోళ్లతోని ఒక్కొక్కనితోని కాగితం రాయించుకొని అదే పెంపు ఇచ్చింది, పైన ఒక స్టీలు డబ్బా కూడ! మావోళ్లే వచ్చి మమ్ముల అడిగిండ్రు, "కట్టినందుకు మాకు డబ్బా లేదా" అని. అందుకే కన్సిలియేషన్‌కే పో. సిమెంటు కాబట్టి మాకు సెంట్రల్ లేబర్ కమిషనర్ ఆఫీసు, మీ మందుల కంపెనీకి స్టేట్ కార్మిక శాఖ, తేడా గుర్తుపెట్టుకో.

కిల్న్ కాడ, అంటే సిమెంటు కాల్చే కొలిమి కాడ, ఒకాయన ఉండె, నాకన్న పెద్దాయన. పదకొండేండ్లు ఒక్క రూపాయి కట్టలే. నేను ప్రతి నెల పోయి, "అన్నా, ఈ నెల?" అనుడు, ఆయన "వచ్చే నెల చూద్దాం తమ్మీ" అనుడు. ఒకరోజు కన్వేయర్‌ల ఆయన చెయ్యి పడ్డది. రెండు వేళ్లు పోయినయి. నేను దవాఖానకు పోయి, కాగితాలు రాయించి, ప్రమాదం రిజిస్టర్‌ల ఎక్కిచ్చేదాక ఆఫీసుల కూసున్న. కమిటీల కొందరు తిట్టిండ్రు, కట్టనోనికి ఎందుకింత అని. పరిహారం వచ్చింది. ఆయన చందా కట్టిండా? కట్టలే! రిటైరయ్యేదాక కట్టలే. గానీ ఆయన బామ్మర్ది ప్యాకింగ్ ప్లాంటుల ఉండె, ఇంకో యూనియన్ మనిషి. ఆ నెల నన్ను పిలిచి ఎనిమిది మంది పేర్లు రాసిచ్చిండు.

మీ దగ్గర అడిగినోడు ఉన్నడు గదా, వానికి ఏం చెప్పాలె అంటివి. ఏం చెప్పకు. "నీకూ పెరుగుతది, నిజమే" అని ఒప్పుకో. అయితే ఇంకో యూనియన్ వస్తే, 194 తలకాయలు లేకుంటే మాట్లాడే కుర్చీ మనదొక్కటే ఉండది అని లెక్క చూపించు. అప్పుడు కూడ కట్టడు, మొదటిసారి ఎవ్వడూ కట్టడు. వచ్చే నెల నాలుగో తారీఖున మల్ల పో. వాని పని గురించి అడుగు, చందా చివర అడుగు.

రసీదు బుక్కులు ఇక్కడ ప్రెస్సుల అచ్చుకిచ్చిన, వంద ఆకులవి పది, ఒకటో నంబర్ నుంచి. అప్పటిదాక యూనియన్ పేరు ఖాయం చేసుకొని ఫోన్ చెయ్యి, పేరు లేకుంటే ప్రెస్సాయన బ్లాక్ వేస్తలేడు. నీకు రెండు బస్సులు మారినా తొవ్వ ఒక్కటే, 167 నంబర్ రోడ్డు, జడ్చర్ల నుంచి కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా, మిర్యాలగూడ మీదికెళ్లి మా హుజూర్‌నగర్ దాక. ఆదివారం వస్తే నేను ఇంటికాడనే ఉంట. మీ ప్యాకింగ్ ఆడోళ్లల్ల ఎవరన్న ఒకరు నీ వెంబడి వస్తే ఇంకా మంచిది, మా చెల్లెను కూడ పిలుస్త.